దాలిగుంట నుంచి కరెంటు కుండ దాకా

దాలిగుంట గురించి మీలో చాలామంది అమ్మమ్మల నోట వినే ఉంటారు. పెరట్లో ఒక మూల చిన్న గుంట. అందులో పిడకలు పేర్చి నిప్పు వేసి, మంట లేవకుండా పైన బూడిద కప్పి, పాలకుండ పెట్టి మూత వేసి ఎవరి పనికి వాళ్లు పోయేవాళ్లు. పొద్దున పెట్టిన పాలు సాయంత్రానికి ఎర్రగా కాగి, మీద మందంగా మీగడ కట్టి ఉండేవి. పొంగేది లేదు, మాడేది లేదు, పక్కన ఒకరు కాపలా కూచునే పనీ లేదు. ఇప్పుడు స్లో కుక్కర్ అని అమ్ముతున్న వస్తువు చేసే పని కూడా అదే. గుంట బదులు ఒక లోహపు తొట్టి, పిడకల బదులు దాని గోడల చుట్టూ కరెంటు తీగ, లోపల మందపాటి కుండ. కుండకు నున్నటి పూత ఒక్కటే కొత్త.

ఆ కుండలో నేను రెండేళ్లుగా బ్రెడ్ చేస్తున్నాను. చూసినవాళ్లందరూ మొదట అడిగేది, "ఓవెన్ లేకుండా బ్రెడ్ ఎట్లా వస్తుంది?" అని. ఎట్లా వస్తుందో కింద చెప్తాను. నాకు మాత్రం అంతకన్నా ఇంకో సంగతి తొలుస్తూ ఉంటుంది. నిదానపు నిప్పు మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉంది కదా, దాన్ని పాలకు వాడిన ఆడవాళ్లు రొట్టెకు ఎందుకు వాడలేదు? రోజూ అన్నింటికన్నా ఎక్కువసేపు కట్టిపడేసే వంట రొట్టే కదా!

మా కోసిగి జొన్నలు తినే ఊరు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మేము బళ్లారి జిల్లాలో ఉన్నాం. ఆ రోజు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి. ఆదోనితో పాటు మేమూ కర్నూలు జిల్లావాళ్లమైపోయాం. వంటింటికి మాత్రం ఆ గీత తగల్లేదు. ఇప్పటికీ గోంగూరను పుండికూర అంటాం. రొట్టె తట్టే తీరు రాయచూరులో ఎట్లాగో ఇక్కడా అట్లాగే. సంక్రాంతికి నువ్వులద్దిన సజ్జరొట్టె, మామూలు రోజుల్లో జొన్నరొట్టె, పక్కన గురెళ్ల కారమో బుడ్డల పొడో, ఇంత ఉల్లిగడ్డ.

జొన్నపిండి స్వభావం తెలిస్తే సగం చరిత్ర అర్థమవుతుంది. గోధుమపిండిలో గ్లూటెన్ అనే జిగురు ఉంటుంది. నీళ్లు పోసి పిసికితే అది వలలాగా అల్లుకుని, పులిసినప్పుడు పుట్టే గాలిని పట్టి ఉంచుతుంది. అందుకే బ్రెడ్ పొంగుతుంది. జొన్నకు ఆ జిగురు లేదు. కాబట్టే మనం ఎసరు మరగబెట్టి పిండిలో పోస్తాం. పిండిలోని గంజి కొంత ఉడికి, ఆ జిగటతో ముద్ద నిలుస్తుంది. కానీ చల్లారేకొద్దీ ఆ పట్టు తగ్గిపోతుంది. తట్టబోతే అంచులు పగులుతాయి. అందుకే వేడివేడిగా పిసకాలి, పిసికిన వెంటనే తట్టాలి, తట్టిన వెంటనే పెనం మీద వేసి పైన నీళ్లు అద్దాలి, ఆ తడి ఆరుతుండగానే తిప్పాలి, తిప్పినాక నిప్పుల పక్కన ఆనించి పొంగించాలి. ఒక రొట్టె పెనం మీద ఉండగా ఇంకోటి చేతి కింద ఉంటుంది. రొట్టెకు మూడు నిమిషాలనుకున్నా ఇరవై రొట్టెలకు గంట పడుతుంది. మా అత్త ఒక మాట అంటుంది: "అన్నం పొయ్యి మీద పెట్టి బయటికి పోవచ్చు. సంగటి పెట్టి పోవచ్చు. రొట్టె కాడ కూచుంటే మాత్రం రొట్టె కాడే ఉండల్ల, బిడ్డ ఏడ్చినా లేసేకి లేదు."

రెండోది కట్టెల సంగతి. వంటల పుస్తకాల్లో ఎక్కడా కనపడదు గానీ, ఏ ఊళ్లో ఏ రొట్టె తింటారన్నది చాలావరకు ఆ ఊళ్లో ఏ కట్టె దొరుకుతుందన్న దాన్ని బట్టే ఉంటుందని నాకనిపిస్తుంది. ఆదోని అంటే పత్తి. మా వైపు పొయ్యిలోకి వచ్చేది పత్తికట్టె, కందికట్టె, అంటే పంట తీసేశాక చేలో మిగిలేవి. అవి భగ్గున మండి అంతే త్వరగా చల్లారిపోతాయి. బేకరీ పొయ్యి కావాలంటే ఇటుక గోడలు గంటల తరబడి కాగాలి, దానికి మొద్దులు కావాలి. అంత మాను మాకెక్కడిది? పలుచని రొట్టెకైతే భగ్గుమనే మంటే సరిపోతుంది. పిడకకు నిదానం ఉంది గానీ ఆ వేడి చాలదు. జొన్నముద్దను తీసుకుపోయి దాలిలో పెడితే పొంగదు, సాయంత్రానికి గట్టి ఉండ మిగులుతుంది. అందుకే పిడక పాలకు, పత్తికట్టె రొట్టెకు అని పనులు విడిపోయాయి. ఆడమనిషి మాత్రం రొట్టె దగ్గరే ఉండిపోయింది.

ఆ గంటను ఎవరూ లెక్కపెట్టలేదు. లెక్కలు బాగా రాసే తెల్లదొరలు కూడా. 1876 నుంచి 78 వరకు వచ్చిన ధాత కరువులో బళ్లారి, కర్నూలు జిల్లాలు అన్నింటికన్నా ఘోరంగా దెబ్బతిన్నవాటిలో ఉన్నాయి. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలీని తగ్గించాడు: రోజుకు ఒక పౌను ధాన్యం కొనుక్కునే డబ్బు, దానిమీద ఒక అణా. బండచాకిరీ చేసే మనిషికి అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. పౌను మీదే వాళ్లిద్దరి తగువంతా. నేను వంటింటి లెక్క వేసి చూశాను. పౌను అంటే దాదాపు 450 గ్రాములు, విసిరితే ఐదారు రొట్టెలు. పగలంతా మట్టి మోసి వచ్చినాక ఆ ధాన్యం విసిరిందెవరు, కట్టె ఏరిందెవరు, నీళ్లెండిపోయిన ఊళ్లో ఎసరుకు నీళ్లు తెచ్చిందెవరు అన్నది ఆ తగువులో ఏ పక్కా లేదు.

మన తెలుగు నేలలో నిదానపు నిప్పు మీద రొట్టె లేకనే పోలేదు. గోదావరి వైపు దిబ్బరొట్టె ఉంది కదా. మినప్పిండిలో బియ్యపు రవ్వ కలిపి, మందపాటి మూకుడులో నూనె వేసి రెండంగుళాల మందాన పోసి, మూత పెట్టి, మూత మీద కూడా నిప్పులు పోస్తారు. కింద నిప్పు, పైన నిప్పు, మధ్యలో పిండి. ఓవెన్ అంటే అంతేగా! మినుముకు పులిసే గుణం ఉంది, గాలిని పట్టుకునే జిగటా ఉంది, అక్కడ కణకణలాడే నిప్పులిచ్చే కట్టె ఉంది. మూడూ కలిశాయి కాబట్టి మూకుడు మూసి అరగంట పక్కకు పోయే వీలు ఆ ఇళ్లలో ఉండింది. మాకు మూడింటిలో ఒక్కటీ కుదరలేదు.

ఇక ఈ కరెంటు కుండ ఎక్కడ పుట్టిందో చెప్తాను, వింటే మీకూ ముచ్చటేస్తుంది. తూర్పు ఐరోపాలోని యూదుల ఇళ్లలో శుక్రవారం పొద్దు గూకినప్పటి నుంచి శనివారం చీకటి పడేదాకా నిప్పు వెలిగించకూడదు. మరి శనివారం మధ్యాహ్నం వేడి భోజనం ఎట్లా? శుక్రవారం సాయంత్రమే కుండలో చిక్కుడుగింజలు, బార్లీ, ఆలుగడ్డ, ఉంటే మాంసం వేసి, మూత బిగించి ఊళ్లో బేకరీకి పంపేవాళ్లు. ఆనాటి బ్రెడ్ కాల్చడం అయిపోయిన ఇటుక పొయ్యిలో మిగిలిన వేడికే ఆ కుండ రాత్రంతా ఉడికేది. దానిపేరు చోలెంట్. లిథువేనియాలో తన అమ్మమ్మ చేసిన ఆ వంట గురించి అమ్మ చెప్పగా విన్న అర్వింగ్ నాక్సన్ అనే అమెరికా ఇంజనీరు, కుండ చుట్టూ కరెంటు తీగ చుడితే బేకరీ దాకా పోయే పని లేదు కదా అనుకున్నాడు. 1936లో దరఖాస్తు పెడితే 1940లో పేటెంట్ వచ్చింది. అమ్మమ్మ వంట, అమ్మ జ్ఞాపకం, మనవడి పేటెంట్!

మన దేశంలో అంతకుముందే, 1910 ప్రాంతంలో, కలకత్తాలో డాక్టర్ ఇందుమాధవ్ మల్లిక్ ఇక్‌మిక్ కుక్కర్ అని ఒకటి చేశాడు. పొడవాటి డబ్బాలో గిన్నె మీద గిన్నె పేర్చి, అడుగున బొగ్గు నిప్పులు పెడితే అన్నం, పప్పు, కూర ఆవిరికి వాటంతటవే ఉడికేవి. ఇంటికి దూరంగా ఒంటరిగా ఉండే ఉద్యోగులకు, ప్రయాణాలకు భలే పనికొచ్చింది. మగవాళ్లు తమ వంట తాము చేసుకోవాల్సి వచ్చేసరికి, పక్కన కూచోనక్కర్లేని కుక్కర్ ఎంత త్వరగా తయారైందో చూడండి.

నాక్సన్ కుక్కర్ చాలా ఏళ్లు హోటళ్లలో చిక్కుళ్లు ఉడికించే గిన్నెగానే ఉండిపోయింది. 1970లో రైవల్ అనే కంపెనీ దాన్ని కొని, 1971లో క్రాక్‌పాట్ అని పేరు మార్చి ఇళ్లకు అమ్మింది. అమెరికాలో ఆడవాళ్లు పెద్ద ఎత్తున ఉద్యోగాలకు వెళ్తున్న కాలం. పొద్దున పెట్టిపోతే సాయంత్రానికి వంట తయారుగా ఉంటుందన్నదే వాళ్ల ప్రకటన. 1971లో 20 లక్షల డాలర్ల అమ్మకాలు 1975కల్లా 9 కోట్ల 30 లక్షల డాలర్లకు చేరాయి. అదే 1975లో మేబుల్ హాఫ్‌మన్ అనే ఆవిడ ఆ కుండ కోసమే వంటల పుస్తకం రాస్తే లక్షల కాపీలు పోయాయి. కూరలతో ఆగలేదు. కుండలో పట్టేలా మూత ఉన్న చిన్న డబ్బా ఒకటి బ్రెడ్డుకు, కేకుకు అని ఆ కంపెనీయే అమ్మింది. బ్రెడ్ పొయ్యిలో మిగిలిన వేడికి ఉడికిన కుండ, కొన్ని తరాలు తిరిగేసరికి తన కడుపులోనే బ్రెడ్ కాల్చడం మొదలుపెట్టింది.

కాలుస్తుందా, ఉడికిస్తుందా అంటే రెండూ కొంచెం కొంచెం. బ్రెడ్ లోపలి మెత్తదనం తయారవడానికి మధ్యభాగం 95 డిగ్రీల దాకా కాగితే చాలు. కుండలో హై పెడితే ఆ వేడి వస్తుంది. పైన ఎర్రటి పెచ్చు కట్టాలంటే మాత్రం పొడి వేడి 140 డిగ్రీలు దాటాలి. మూత పెట్టిన కుండలో ఆవిరి నిండి ఉంటుంది కాబట్టి పైభాగం ఆ వేడికి చేరదు. అందుకే కుండ బ్రెడ్ అడుగున, పక్కలా బంగారు రంగు వస్తుంది, నెత్తిన తెల్లగా ఉంటుంది. అమెరికాలో బోస్టన్ వైపు గోధుమ కరువైన రోజుల్లో రై పిండి, మొక్కజొన్న పిండి కలిపి డబ్బాలో ఆవిరి మీద ఉడికించిన నల్లబ్రెడ్ ఒకటుంది. ఇది దానికి చుట్టమే. మన ఇడ్లీకి కూడా దూరపు బంధువనుకోండి.

మా ఊరికి బ్రెడ్ వచ్చింది రైలు పట్టాల వెంట. మద్రాసు నుంచి వచ్చిన లైను, బొంబాయి నుంచి వచ్చిన లైను 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. ఆ దారిలోనే మా స్టేషన్. రైలు వచ్చినా గోధుమ మాత్రం చాలాకాలం మాది కాలేదు. 1956 నుంచి పి.ఎల్.480 కింద అమెరికా గోధుమలు ఓడల్లో దిగడం, 1965లో కేంద్ర ప్రభుత్వం మోడరన్ బేకరీస్ పెట్టడం, ఇవన్నీ పట్నాల్లో బ్రెడ్డును టిఫినుగా మార్చాయి. మా చిన్నప్పుడు ఇక్కడ బ్రెడ్ అంటే జ్వరం తిండి. డాక్టరు సూది వేసి "పాలు, బ్రెడ్ పెట్టండి" అంటే నాయన ఆదోని నుంచి మైనపు కాగితం చుట్టిన పొట్లం తెచ్చేవాడు. జ్వరం లేని తమ్ముడు కూడా నుదురు పట్టి చూడమని వచ్చి నిలబడేవాడు. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాక రోజూ అన్నం తినడం మొదలైంది. జొన్నలు వెనక్కి తగ్గాయి గానీ పోలేదు. చద్దిరొట్టె కట్టుకుని చేనికి పోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఇక చేసే విధానం. రెండు గ్లాసుల గోధుమపిండికి ఒక గ్లాసు మైదా, మొత్తం 400 గ్రాములు. చెంచాడు డ్రై ఈస్టు, చెంచాడు ఉప్పు, రెండు చెంచాల చక్కెర, రెండు చెంచాల నూనె. గోరువెచ్చని నీళ్లు 270 మిల్లీలీటర్ల దాకా, పిండి తాగేదాన్ని బట్టి. చపాతీ పిండికన్నా మెత్తగా ఉండాలి. పది నిమిషాలు బాగా పిసకండి. ఆ జిగురు వల అల్లుకునేది ఇక్కడే. మా ఎండల్లో గంట అక్కర్లేదు, నలభై నిమిషాలకే రెట్టింపవుతుంది. గాలి తీసి గుండ్రంగా చేసి, బటర్ పేపరు పరిచిన కుండలో పెట్టి హై నొక్కండి. రెండోసారి పొంగడానికి విడిగా ఉంచక్కర్లేదు, కుండ మెల్లగా కాగుతుంది కాబట్టి ఆ వెచ్చదనంలోనే పొంగుతుంది. మూతకింద ఒక శుభ్రమైన నూలు తువ్వాలు బిగించి కట్టండి. ఇది మానొద్దు. ఆవిరి నీళ్లయి మూత నుంచి బ్రెడ్ మీద కారితే పైన పేస్టులాగా అయిపోతుంది. తువ్వాలు కొసలు కిందికి వేలాడకుండా మూత మీదికి మడవండి. రెండు గంటల తర్వాత పుల్ల గుచ్చి చూడండి, తడి అంటకపోతే అయినట్టే. లేదంటే ఇంకో ఇరవై నిమిషాలు. నెత్తిన రంగు కావాలంటే పాత రొట్టె పెనాన్ని బాగా కాల్చి బ్రెడ్డును తలకిందులుగా రెండు నిమిషాలు ఉంచితే చాలు.

మా కుక్కర్ అడుగున 210 వాట్లు అని రాసి ఉంది. రెండున్నర గంటలకు అర యూనిట్ పైచిలుకు. కరెంటు పావుగంట పోయినా ఆ మందపాటి కుండ వేడి నిలుపుకుంటుంది. ఓవెన్ అట్లా నిలుపుకోదు. పని చూస్తే పిసకడం పది నిమిషాలు, మిగతాదంతా కుండ చూసుకుంటుంది. ఆ రెండు గంటల్లో నేను ఏం చేస్తానని మా ఆయన ఒకసారి అడిగాడు. ఇదిగో, ఇట్లాంటివి రాస్తాను.

జొన్న కలపొచ్చా అని చాలామంది అడుగుతారు. కలపొచ్చు. మూడు పాళ్ల గోధుమ, మైదాకు ఒక పాలు జొన్నపిండి దాకా వల తట్టుకుంటుంది. ఆ జొన్నపిండిని ముందే మరిగే నీళ్లతో కలిపి చల్లార్చి వేస్తే బ్రెడ్ పొడిపొడిగా రాలదు. అంటే అత్త చేసే ఎసరు పనే. అంతకు మించి కలిపితే బ్రెడ్ బరువై కూలబడుతుంది. పూర్తి జొన్నతో కావాలంటే కుండ జోలికి పోవద్దు, పెనం ముందే కూచోవాలి.

నాకు ఈ కుండ సుఖం ఎంత ఉన్నా, దాన్ని మా వీధి అంతటికీ మందులాగా చెప్పలేను. మా మండలం నుంచి ఏటా వానలైపోయినాక ఇళ్లకు తాళాలేసి కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతకు, తెలంగాణ వైపు పత్తి తీతకు సుగ్గికి పోతాయి. చేను పక్కన గుడిసెలో కరెంటు ప్లగ్గు ఎక్కడ వెతుకుతారు? వాళ్లకు వాళ్లదే ఒక ఉపాయం ఉంది. బయల్దేరే ముందు నాలుగైదు రోజులు ఇరుగుపొరుగు ఆడవాళ్లు కలిసి రొట్టెలు పలుచగా తట్టి, తేమ మొత్తం పోయేదాకా సన్నని సెగ మీద ఆరనిస్తారు. అప్పడంలాగా కరకరలాడే ఆ కడక్ రొట్టెలు దొంతరలుగా గుడ్డలో కట్టుకుంటే వారాల తరబడి నిలవుంటాయి. పోయిన చోట చీకటితోనే చేనులోకి దిగాలి కాబట్టి, అక్కడ దొరకని గంటను ఇక్కడే ముందుగా ఖర్చుపెట్టి మూట కట్టుకుపోతారన్నమాట. నా కుండకు కరెంటు చేసే పనిని వాళ్లు ముందురోజుల చాకిరీతో చేసుకుంటున్నారు. చోలెంట్ కుండను శుక్రవారమే బేకరీకి పంపిన ఆ లిథువేనియా అమ్మమ్మకు ఈ సంగతి వెంటనే అర్థమయ్యేది.

పోయిన ఏడు దీపావళి తర్వాత మా ఎదురింటి పిల్ల అట్లాగే రొట్టెలు ఆరబెడుతూ, నా బ్రెడ్ ముక్క తిని చూసి, "అక్కా, ఇది ఎన్నాళ్లుంటాది?" అంది. రెండురోజులు, మా ఎండకు మూడోరోజు బూజు పడుతుందని చెప్పాను. "ఐతే ఇది రైల్లోకి, ఇవి చేనుకాడికి" అని నవ్వి, పిల్లల కోసం సగం బ్రెడ్ పొట్లం కట్టించుకుంది. మిగతా సగం నేను, మా అత్త గురెళ్ల కారం వేసుకుని తిన్నాం.